వంటిల్లు పడగొట్టే ముందు ఏమేమి తేల్చుకోవాలి? (పర్లాకిమిడి, పాత మిద్దె ఇల్లు)

కిమిడి కోడలు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మామగారి తాతగారు కట్టించిన ఇల్లు. అప్పట్లో ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశాలోకి వచ్చాం, గోడలు మాత్రం అవే. అడుగున్నర మందం, ఇటుక, గానుగ సున్నం. పైన టేకు దూలాల మిద్దె. వంటిల్లు పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఉత్తరాన హాల్లోకి తలుపు, దక్షిణాన పెరట్లోకి తలుపు. తూర్పు గోడ సందు వైపు ఉంది, దానికొక చిన్న కిటికీ. పడమటి గోడకు ఒకే గట్టు, స్టవ్వూ సింకూ రెండూ దాని మీదే. ఫ్రిజ్ హాల్లో ఉంది.

ఈ వేసవిలో మొత్తం మార్చాలని అనుకుంటున్నాం. మేస్త్రీ రేపే గునపం పట్టుకుని వస్తానంటున్నాడు. మా ఆయన రోజూ ఫోనులో తళతళలాడే వంటిళ్ల బొమ్మలు పంపుతున్నారు. వాటిలో ఒక్కదానిలోనూ పోపుల పెట్టె కనిపించదు. అత్తగారేమో తన రుబ్బురోలు కదపవద్దంటున్నారు. రంగుల గురించి, తలుపుల గురించి సలహాలకు కొదవ లేదు. గునపం పడకముందే తేల్చుకోవలసినవి ఏమిటో చెప్పేవాళ్లు కావాలి. హాలుకూ వంటింటికీ మధ్య గోడ తీసేయవచ్చా? మాడ్యులర్ (ముందే తయారుచేసి తెచ్చి బిగించే చెక్క పెట్టెలు, సొరుగులు) మేలా, బండలు వేసి తలుపులు పెట్టించుకోవడం మేలా? గట్టు ఎంత ఎత్తు ఉండాలి?

గుణుపురం సివిల్:
ముందు గోడ సంగతి. మీ ఇంటికి పిల్లర్లు లేవు, బరువంతా గోడలదే. తలెత్తి దూలాలు ఎటు నుంచి ఎటు వేశారో చూడండి. వంటింటి దూలాలు తూర్పు, పడమర గోడల మీద ఆని ఉంటే ఉత్తరపు గోడ మీద వంటింటి బరువు లేకపోవచ్చు. కానీ అవతలి నుంచి హాలు దూలాలు అదే గోడ మీద ఆని ఉండవచ్చు. అది చూడకుండానే ‘ఇనుప గర్డరు పెట్టేద్దాం’ అనే మేస్త్రీ మాట నమ్మవద్దు. స్ట్రక్చరల్ ఇంజనీరు స్వయంగా వచ్చి చూడాలి. ఫొటోలు చూసి నేనైనా చెప్పలేను.

రెండోది, ఇలాంటి గోడల్లో పైపులకూ వైర్లకూ గాడి కొట్టడం. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదు. నన్నడిగితే అడ్డగాడి అసలు వద్దు. పైపు నేల వెంట తీసుకెళ్లి కావలసిన చోట నిలువుగా లేపుకోండి. పాత సున్నపు గోడ సుత్తి దెబ్బలకు లోపల వదులవుతుంది. కోత మిషనుతో గీతలు కోయించి, మధ్యది ఉలితో తీయించాలి.

ఇంకొకటి కూడా ఉంది. సున్నపు గోడ మీద గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేదు, కొన్నేళ్లకు పెచ్చులుగా ఊడుతుంది. టైల్స్ వచ్చే మేరకు తప్పదు. మిగతా గోడను సున్నపు పూతతోనే ఉంచండి.

బరంపురం మామ్మ:
గోడ తీయవద్దు తల్లీ. ఎండుచేపలు వేయించిన రోజున హాల్లో సోఫా కూడా ఎండుచేపల వాసనే వస్తుంది. మా మనవడి ఫ్లాటులో చూశాను, కోడలు పోపు పెడితే టీవీ చూసేవాళ్లంతా తుమ్ములే. స్టవ్ ఆగ్నేయ మూలన పెట్టించుకో, తూర్పు ముఖంగా నిలబడి వండుకో. మిగతావి నీ ఇష్టం.

కాశీనగర్ మాస్టారు:
మామ్మగారికి నమస్కారం. నాకు వాస్తు మీద నమ్మకం లేదు, ఇంట్లో ఆ మాట అంటే కాఫీ ఆలస్యమవుతుంది కనుక ఇక్కడ అంటున్నాను. కానీ ఈ గదిలో వాస్తు ఉన్నా లేకపోయినా స్టవ్ తూర్పు గోడకే పోవాలి. బయటికి తెరుచుకున్న పొడవాటి గోడ అదొక్కటే. చిమ్నీ గొట్టం ఒక్క వంపు కూడా లేకుండా నేరుగా సందులోకి వెళ్తుంది. ఒక్కో వంపుకూ లాగే బలం తగ్గుతుంది. సింకు పడమటి గోడకే ఉంచి, పెరటి తలుపు పక్కకు జరపండి. మురుగు గొట్టం గడప దాటగానే కాలువలో పడుతుంది. ఫ్రిజ్ అదే గోడకు హాలు తలుపు పక్కన పెట్టండి. పిల్లలు నీళ్ల సీసా కోసం స్టవ్ దాకా రానక్కరలేదు.

రెండు వైపులా రెండేసి అడుగుల గట్టు వేసినా మధ్యలో నాలుగడుగుల దారి మిగులుతుంది. అత్తాకోడళ్లు వీపులు తగలకుండా తిరగవచ్చు. ఎల్ ఆకారం గట్టు అని ఎవరైనా అంటే ఏ తలుపు మూసేయాలో కూడా వాళ్లనే అడగండి.

జయపురం అక్కయ్య:
గట్టు ఎత్తు అడిగితే అందరూ 34 అనో 36 అంగుళాలు అనో చెబుతారు, వండే మనిషి ఎత్తు ఎవరూ అడగరు. చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి, మోచేయి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలిపించుకోండి. అందులో నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేస్తే మీ గట్టు ఎత్తు వస్తుంది. ఐదడుగుల మనిషికి ఇంచుమించు 33 వస్తుంది. స్టవ్వే నాలుగైదు అంగుళాల ఎత్తు ఉంటుంది, దాని మీద లోతు గిన్నె పెట్టి గరిట తిప్పితే భుజం పైకి లేవాలి. పూటకు గంటన్నర అలా నిలబడితే మెడ నొప్పి ఎందుకు రాదు? మీకు గట్లు రెండూ ఎదురెదురు గోడలకు వస్తున్నాయి కనుక తూర్పు గట్టును మూడు అంగుళాలు దించినా వికారంగా కనిపించదు. సింకు గట్టు మాత్రం దించవద్దు. గిన్నెలు తోమేది సింకు అడుగున, అక్కడికి ఎలాగూ వంగాలి.

ఇక అసలు తిరకాసు. ఎత్తు ఎక్కడి నుంచి కొలుస్తున్నారు? పాత గచ్చు మీదే టైల్స్ వేస్తే నేల అంగుళంన్నర నుంచి రెండంగుళాలు లేస్తుంది. మేస్త్రీ పాత గచ్చు నుంచి 33 కొలిచి కట్టేస్తే మీకు మిగిలేది 31. పైన గ్రానైట్ మందం కలిపాడో లేదో అది ఇంకో లెక్క. పూర్తయిన నేల ఎక్కడికి వస్తుందో ముందు గోడ మీద చుట్టూ ఒక గీత గీయించండి. గట్టు, సాకెట్లు, కుళాయి, చిమ్నీ, అన్నీ ఆ గీత నుంచే కొలవాలి. తలుపుల అడుగు కోయవలసి వస్తుందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

ఖర్చు లేని పని ఇంకొకటి. హాల్లో పదడుగులు, ఎనిమిదడుగుల కొలతతో సుద్దముక్కతో గది గీసి గట్లు, సింకు, స్టవ్, ఫ్రిజ్ గుర్తు పెట్టండి. ఫ్రిజ్ తలుపు తెరుచుకునే మేర కూడా గీయండి. గోడకు మరీ ఆనించి పెడితే తలుపు సగమే తెరుచుకుని లోపలి కూరల పెట్టె బయటికి రాదు. అత్తగారిని కూడా అందులో నిలబెట్టి పొద్దున్న వంట ఊరికే నటించి చూడండి. బియ్యం ఎక్కడి నుంచి తీస్తారు, ఎక్కడ కడుగుతారు, గంజి ఎక్కడ వారుస్తారు, వేడి గిన్నె దించడానికి స్టవ్‌కు రెండు పక్కలా చోటుందా అన్నది అక్కడే బయటపడుతుంది.

కిమిడి కోడలు:
సుద్దతో గీసి చూశాం. పిల్లలు అందులో తొక్కుడుబిళ్ల మొదలుపెట్టారు కానీ పని జరిగింది. స్టవ్ మరీ దక్షిణం మూలకు వెళ్తే పెరటి తలుపు గాలికి మంట ఊగుతుందని అత్తగారు చెప్పారు. అందుకని తలుపు నుంచి రెండడుగులు ఇవతలికి జరిపాం. నా మోచేయి 38 అంగుళాలు, అత్తగారిది 36. ఎవరికి కట్టించాలి?

బరంపురం మామ్మ:
ఎక్కువసేపు నిలబడేది ఎవరో వాళ్లకు. అత్తగారు కూరలు తరుక్కునేందుకు బల్ల, పీట వేయి. ఈ వయసులో నిలబడి తరిగే అవసరం ఆవిడకు ఎందుకు? రుబ్బురోలు పెరటి వరండాలో పెట్టించు, రోజూ కాకపోయినా గారెలకు పనికొస్తుంది.

రాయగడ వైరింగ్:
ఇంత చర్చలో కరెంటు మాట ఎవరూ ఎత్తలేదు. గోడలకు టైల్స్ అంటించాక నన్ను పిలుస్తారు, ‘ఇక్కడొక పాయింటు కావాలి’ అంటారు.

ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లది అయితే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టకూడదు. ఇండక్షన్, మైక్రోవేవ్, ఓవెన్ లాంటి వాటికి 16 ఆంపియర్ల సాకెట్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మీటరు బోర్డు నుంచి వంటింటికి విడి లైను, దానికి విడి ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనే ఆగిపోయే స్విచ్చి) ఉండాలి. మిక్సీకి, గ్రైండరుకు 6 ఆంపియర్లవి చాలు. ఇంట్లో ఏమేమి ఉన్నాయో, వచ్చే ఐదేళ్లలో ఏమేమి కొంటారో కాగితం మీద రాసుకోండి. చిమ్నీ, నీళ్ల ఫిల్టరు, ఎగ్జాస్ట్ ఫ్యాన్, గట్టు కింది లైట్లు కూడా రాయండి. చిమ్నీ పాయింటు పైన ఎత్తులో ఉండాలి, గట్టు దగ్గర పెడితే వైరు స్టవ్ మీదుగా వేలాడుతుంది. సింకు పైనా, స్టవ్ వెనకా సాకెట్టు వద్దు.

పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది, మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. తడి చేతులతో గ్రైండరు ముట్టుకునే గది ఇది. ఎర్తింగ్ ఉందో లేదో ముందు పరీక్ష చేయించండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు బయటికి లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) పెట్టించండి. గ్రానైట్‌లో ఒక మెరుపు తగ్గినా ఫర్వాలేదు, ఇది తగ్గించవద్దు.

పాతపట్నం రాళ్లు:
మెరుపు తగ్గమని ఎవరూ అనలేదు వైరింగ్ మేస్త్రీ గారూ, ధర చూసుకోమంటున్నాం.

గట్టుకు పాలరాయి అడగవద్దు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే పాలరాయి మెరుపు తినేస్తాయి, మచ్చ తుడిస్తే పోయేది కాదు. కడప బండ కూడా సున్నపురాయి జాతే. గట్టు కింద అరలకు బ్రహ్మాండంగా ఉంటుంది, గట్టు పైకి పనికిరాదు. పైకి గ్రానైటే. మీకు టెక్కలి దగ్గర, అక్కడి నీలి రాయి పేరున్నదే. నల్లరాయి కావాలంటే ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ దొరుకుతుంది. నల్లటి గట్టు మీద నీళ్ల మరకలు మాత్రం బాగా కనిపిస్తాయి, బోరు నీళ్లయితే మరీను.

చేతి ముక్క చూసి ఒప్పుకోవద్దు, మీ పలకనే నిలబెట్టించి చూడండి. నీళ్లు చల్లితే సన్నటి పగుళ్లు బయటపడతాయి. సింకు ముందు కొనండి. సింకు చేతిలో లేకుండా కాగితం కొలతతో రంధ్రం కోసి, తర్వాత సింకు అందులో దిగక ఒరిపిడి పట్టించిన ఇళ్లు ఎన్నో చూశాను. చదరపు అడుగుల లెక్కలో పలక మొత్తానికి డబ్బు తీసుకుంటారా, వాడిన మేరకా, అంచు గుండ్రం చేయడానికీ సింకు కోతకూ విడిగా ఎంత అన్నది ముందే అడగండి. రాష్ట్రం సరిహద్దు దాటుతుంది కనుక సరైన బిల్లు ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) కూడా కొట్టువాడే తీయాలి. ‘ఇంత దగ్గరికి బిల్లేమిటి’ అనేవాడి బండి ఎక్కించవద్దు.

బరంపురం వడ్రంగి:
మాడ్యులర్ అంటే అందరికీ చులకన అయిపోయింది కనుక ఆ పక్షాన నేను మాట్లాడతాను. బండల అరలు రెండడుగుల లోతు ఉంటాయి. వెనక పెట్టిన గిన్నె కోసం మోకాళ్ల మీద కూర్చుని తల లోపల పెట్టాలి. సొరుగు అయితే లాగగానే అడుగున ఉన్నది కూడా పైనుంచి కనిపిస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లను అడగండి తేడా ఏమిటో.

జయపురం అక్కయ్య:
సొరుగుల సుఖం కాదనను. మా చుట్టాలింట్లో సింకు కింద పెట్టె రెండు వానాకాలాలకు పొంగి, తలుపు మూతపడటం మానేసింది. లోపల ఏ చెక్క వాడారో బిల్లులో ఒక్క ముక్క లేదు.

బరంపురం వడ్రంగి:
అది మాడ్యులర్ తప్పు కాదు, సరుకు తప్పు. ప్లైవుడ్ షీటు మీద ముద్ర చూడాలి. ఐఎస్ (భారత ప్రమాణం) 710 ఉంటే మెరైన్ ప్లై, అంటే నీళ్లకు బాగా తట్టుకునేది, తడి తగిలే చోట అదే వాడాలి. ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకు తట్టుకునే) రకం మిగతా పెట్టెలకు సరిపోతుంది. చెక్క పొడి, నారలతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వంటింట్లో తడి దగ్గరికి రానివ్వకూడదు. అయినా ఈ ఇంటికి నేనైతే కలిపి చేస్తాను. సింకు కింద, బియ్యం డబ్బాలు, ఊరగాయ జాడీలు పెట్టే చోట కడప బండలు, ముందు తలుపులు మాత్రమే. చెద పట్టదు, బరువు మోస్తుంది. స్టవ్ పక్క గట్టు కింద మూడు నాలుగు సొరుగులు. బండల మధ్య ఖాళీ ఎంత ఉండాలో వడ్రంగి చెప్పాక మేస్త్రీ కట్టాలి. మేస్త్రీ కట్టేశాక వడ్రంగిని పిలిస్తే సొరుగు పట్టాలు పట్టవు.

పైన వేలాడే అరల గురించి కూడా చెప్పాలి. పాత సున్నపు పూతలో చిన్న మేకు నిలవదు. పొడవాటి యాంకర్ బోల్టు ఇటుక దాకా దిగాలి, గోడ పెళుసుగా ఉంటే కింద రాతి బ్రాకెట్టు ఇవ్వాలి. రేటు మాట్లాడేటప్పుడు చదరపు అడుగు అంటే ముందు ముఖం కొలతా, లోపలి చెక్క అంతా కలిపిన కొలతా అని అడగండి. పట్టాలు, కీళ్లు, పిడులు అందులో ఉన్నాయో లేదో రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

కాశీనగర్ మాస్టారు:
గ్యాస్ గురించి కూడా పని మొదలవకముందే తేల్చుకోండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది. సిలిండరును గట్టు కింద తలుపుల వెనక దాచేటట్లయితే ఆ అరకు అడుగున గాలి తూట్లు తప్పనిసరి. పైన జాలీ పెట్టి ప్రయోజనం లేదు. రబ్బరు గొట్టం మీటరున్నర దాటకూడదు, గోడలోంచి పోకూడదు, ఐదేళ్లకు మార్చాలి. సిలిండరు పెరట్లో పెట్టాలనుకుంటే రాగి గొట్టం కావాలి. అది గ్యాస్ ఏజెన్సీ పంపిన మనిషే వేయాలి, కుళాయిల మేస్త్రీ కాదు. గొట్టం ఎటు నుంచి వస్తుందో తేలకుండా తూర్పు గట్టు కట్టించవద్దు.

గుణుపురం సివిల్:
కాలం సంగతి చెప్పి నేను ముగిస్తాను. కూల్చడం, పైపులు, వైర్ల గాడులు, ప్లాస్టరింగ్, తడి పెట్టడం, నేల, గట్టు, గోడ టైల్స్, రంగు, ఆ తర్వాతే చెక్క పని. ఈ వరుస మార్చితే ఒకరు చేసింది ఇంకొకరు పగలగొడతారు. ప్లాస్టరింగ్‌కు కనీసం వారం తడి పెట్టాలి. చెమ్మ ఆరని గోడకు చెక్క ఆనించకూడదు. జూన్ నడుమ ఒడియావాళ్ల రజ పండుగ వస్తుంది. ఆ మూడు రోజులూ భూమి తవ్వరు, ఒడియా పనివాళ్లు ఊళ్లకు వెళ్తారు. వానలూ ఇంచుమించు అప్పుడే మొదలవుతాయి. కనుక తవ్వకం, మురుగు గొట్టం పని మే నెలలోనే అయిపోవాలి.

పెరటి వైపు అంట్లు తోమే వరండాకు రేకులు వేస్తారేమో, తుపాను గాలికి తగినట్లు బోల్టులు వేయించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ గజపతి జిల్లాలో రేకుల కప్పుల గతి ఏమైందో మీకు నేను చెప్పనక్కరలేదు. సందులోకి వెళ్లే చిమ్నీ గొట్టానికి మూత కూడా వాన వెనక్కి కొట్టకుండా ఉండాలి. అడుగున్నర గోడకు ఆరంగుళాల గొట్టం రంధ్రం సుత్తితో చేయించవద్దు, గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మిషను బరంపురం నుంచైనా తెప్పించండి.

కిమిడి కోడలు:
ఇంజనీరు గారు వచ్చి చూశారు. ఉత్తరపు గోడ మీద హాలు దూలాలు ఆని ఉన్నాయట, కనుక గోడ అలాగే ఉంటుంది. మా ఆయన బొమ్మలు పంపడం మానేశారు. స్టవ్ తూర్పుకు, సింకు పెరటి తలుపు పక్కకు, ఫ్రిజ్ ఉత్తరాన పడమటి మూలకు. తూర్పు గట్టు 31, పడమటిది 34, కొత్త నేల గీత నుంచి. సింకు కింద బండలు, స్టవ్ పక్కన సొరుగులు. సిలిండరు పెరట్లో, రాగి గొట్టం. పని పూర్తయ్యేవరకు వంట వెనక వరండాలో, రుబ్బురోలు పక్కనే. అత్తగారికి అక్కడ పెత్తనం దొరికిందని సంతోషం.

ఒక చిక్కు మిగిలింది. తాపీ మేస్త్రీ ఒడియాలో మాత్రమే చదువుతాడు, వడ్రంగి పాతపట్నం మనిషి, తెలుగే వచ్చు, గ్రానైట్ వేసేవాళ్లు రాజస్థాన్ వాళ్లు, హిందీ మాట్లాడతారు. ఒప్పందం ఏ భాషలో రాయాలి?

గుణుపురం సివిల్:
డబ్బు వాయిదాలు ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో రాయండి. ఏ దశ పూర్తయితే ఎంత అన్నది ఉండాలి, తేదీలకు కట్టవద్దు. మొత్తంలో పదో వంతు చివరిదాకా ఉంచుకోండి. కొలతలకు భాష అక్కరలేదు. నాలుగు గోడలకు నాలుగు బొమ్మలు గీసి అంకెలు వేయండి, అదే బొమ్మను గోడ మీద కూడా గీయించండి. అంగుళాలో సెంటీమీటర్లో ఒక్కటే వాడండి, రెండూ కలిపితే ముగ్గురూ మూడు రకాలుగా కడతారు.

రాయగడ వైరింగ్:
గాడులు కొట్టి పైపులు, వైర్లు వేశాక, ప్లాస్టరింగ్ చేయకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత అరలకు డ్రిల్లు పెట్టేవాడికి ఆ ఫొటోలు చూపించాలి. మే మొదటి వారంలో నేను పర్లాకిమిడి వైపే ఉంటాను, ఎర్తింగ్ చూసి వెళ్తాను. మీటరు బోర్డు ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి.